ఊసరవెల్లికి పురుడు

మురియుకీ,

మన ఊసరవెల్లి నిన్నటి నుంచి ఏమీ తినడం లేదు. ఇది గుడ్లు పెట్టే రకం కాదు కదా, నేను బడిలో పాఠాలు చెప్పి వచ్చేలోపే ఈనేస్తుందేమో. గిన్నెలో నీళ్లు పెడితే తాగదు, ఆకుల మీద చిలకరించు. ఎండ ముదిరితే దాని వల పెట్టెను కాఫీ చెట్టు నీడలోకి జరుపు. పిల్లలు పుట్టగానే పుల్ల మీదికి ఎక్కించి వేరే పెట్టెలోకి మార్చు, లేకపోతే తల్లే మింగేయవచ్చు. నీకు తినడానికి మొక్కజొన్న, చిక్కుడు గింజల గితేరి పొయ్యి మీద ఉంది.

ఊసరవెల్లిని ముట్టుకుంటే చావు కబురు వస్తుందని చిన్నప్పటి నుంచి విన్నవాడివి, నిన్న అది వేలెక్కితే కదలకుండా నిలబడ్డావు. బడిలో అందరికీ చెప్పబోతున్నాను.

వంగెచి

అన్నట్టు, అది ఉన్నంత కాలం మన గడప తొక్కనన్న అత్తయ్య నిన్న కంచె దగ్గర పక్కింటావిడతో, "మా కోడలు ఊసరవెల్లికి పురుడు పోస్తోంది. మీ కోడలికి వచ్చా?" అంటోంది. ఇవాళ చూడటానికి వస్తుందట. కుర్చీ గుమ్మం పక్కనే వెయ్యి, పారిపోవాలనిపిస్తే దారి ఉండాలి కదా.