ఎడమవైపు జిప్పు

బర్చ్ క్రీక్, మోంటానా
మే 11, 1981

ప్రూయిట్ స్లీపింగ్ బ్యాగుల దుకాణం వారికి,

పొద్దున తొమ్మిది దాకా మంచు కరగలేదు. తర్వాత ఎండ కాసింది. గడ్డి చేలకు నీళ్ళొచ్చే కాలవలో పూడిక తీశాను. మధ్యాహ్నం కంచె బాగుచేశాను. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నేను పనిలేక ఉత్తరాలు రాసే మనిషిని కానని మీకు తెలియడానికి.

నా భార్య లవోన్ మీ దగ్గర స్లీపింగ్ బ్యాగు ఆర్డరు చేసింది. మీ కార్డు ఇవాళ వచ్చింది. తను ఇంట్లో లేదు, నేను చదివాను. కవరు కాదు, కార్డు. చదివితే తప్పు లేదు. "బాతు నూగు, రెండు పౌన్ల బరువు, ఎడమవైపు జిప్పు, అంతే కదా?" అని అడిగారు.

రెండు పౌన్ల పక్క ఎక్కడైనా ఉంటుందా? మా ఇంటి పిల్లి బరువే పదకొండు పౌన్లు. మా నాన్న వాడిన కాన్వాసు పక్కచుట్ట ఇంకా నా దగ్గర ఉంది. లోపల మూడు ఉన్ని కంబళ్ళు. దాన్ని గుర్రం మోస్తుంది. మార్చిలో లవోన్, "ఆగస్టులో కొండమీది చెరువుల దాకా నడిచి వెళ్దాం, వీపున సంచులు వేసుకుని. వస్తావా?" అని అడిగింది. "మనకి గుర్రం ఉండగా మనమెందుకు గుర్రాలం అవడం?" అన్నాను. తను నవ్వలేదు. వెళ్ళి చర్చివాళ్ళ నడక బృందంలో చేరింది. ఐదు రోజుల ప్రయాణమట. దారి చూపేది మా పశువుల డాక్టరు లైల్ మెక్‌రే. ఆరడుగుల మూడంగుళాల మనిషి. పెళ్ళి కాలేదు.

ఆ రెండు పౌన్ల గుడ్డలో మనిషి చలికి బిగుసుకుపోకుండా ఉంటుందో లేదో చెప్పండి. జిప్పు ఎడమవైపే ఎందుకో కూడా చెప్పండి.

ఇట్లు,
హార్లన్ టోఫ్టీ

తా.క. డాక్టరు పొడుగు సంగతి పొరపాటున రాశాను. దానికీ బ్యాగుకూ సంబంధం లేదు.


సలైడా, కొలరాడో
మే 19

టోఫ్టీ గారికి,

ఇక్కడ నిన్న వడగళ్ళు పడ్డాయి. అయినా కిటికీలన్నీ మూసుకుని పనిచేశాం. నూగు నింపే రోజున గాలి రానివ్వకూడదు, ఎవరూ తుమ్మకూడదు. కిందటేడు మా దగ్గర కుట్టే అమ్మాయి ఒకతి తుమ్మింది. మూడు బ్యాగుల నూగు పైకప్పుకి అంటుకుంది.

మీ ఆవిడ ఆలోచించే ఎంచుకున్నారు. నూగు తేలిక. నొక్కితే రొట్టెముద్దంత అవుతుంది, విప్పితే దుప్పటంత పొంగుతుంది. తడిస్తే మాత్రం దేనికీ పనికిరాదు. వానలెక్కువ పడే చోటికైతే పాలిస్టరు దూది నింపినది తీసుకోమని నేనే చెప్తాను. అది బరువెక్కువ, కానీ చెమ్మగిల్లినా కాస్త వెచ్చగా ఉంచుతుంది. మీ కొండల మీద ఆగస్టు పొడిగానే ఉంటుంది. బ్యాగు కాళ్ళ దగ్గర సన్నగా ఉంటుందని కొందరు సణుగుతారు. లోపల ఖాళీ ఎంత తక్కువుంటే ఒంటి వేడికి పని అంత తక్కువ. చీటీ మీద ఎంత చలికి ఆగుతుందని రాసి ఉంటే అంత చలిలో చావరని అర్థం, హాయిగా నిద్రపోతారని కాదు. ఆడవాళ్ళకి చలెక్కువ. అందుకే మీ ఆవిడకి ఇంకో పది డిగ్రీలు ఎక్కువ ఆగేది చెప్పాను. కింద పరుచుకోవడానికి ఫోము చాప మర్చిపోవద్దనండి. పైన ఎంత కప్పుకున్నా చలి నేలలోంచే వస్తుంది.

జిప్పు సంగతి. కుడిచేతివాటం వాళ్ళు వెల్లకిలా పడుకుంటే కుడిచెయ్యి ఎడమవైపుకి సులువుగా అందుతుంది. అందుకని వాళ్ళకి ఎడమ జిప్పు. ఎడమచేతివాటం వాళ్ళకి కుడి జిప్పు.

మీ మేలు కోరే,
విల్మా ప్రూయిట్

తా.క. ఇంకో సౌకర్యం చెప్పడం మర్చిపోయాను. ఎడమ జిప్పు బ్యాగునీ కుడి జిప్పు బ్యాగునీ పక్కపక్కన పెట్టి కలిపి జిప్పు వేస్తే ఇద్దరు పట్టే ఒకే పక్క అవుతుంది. ఆలుమగలు దీన్ని చాలా ఇష్టపడతారు.


బర్చ్ క్రీక్
జూన్ 2

ప్రూయిట్ గారికి,

మీ తా.క. చదివి వారమైంది. నాకు అన్నం సయించడం లేదు.

ఎడమ జిప్పుకి కుడి జిప్పు జత. లవోన్‌ది ఎడమ. నేను వెళ్ళడం లేదు. మరి కుడి జిప్పు ఎవరిది?

డాక్టరు నిన్న వచ్చాడు. ఈ ఏడు ఈనని ఆవులు రెండు మిగిలాయి, చూలుతో ఉన్నాయో లేదో చూడాలి. అతను భుజం దాకా ఎడమచెయ్యి దూర్చి చూస్తుండగా అడిగాను.

"కొండమీద దేంట్లో పడుకుంటావు డాక్టరూ?"

"ప్రూయిట్ వాళ్ళ బ్యాగులో. పాతది చిరిగింది, కొత్తది కుట్టిస్తున్నా. లవోన్‌కి ఆ దుకాణం చెప్పింది నేనే. నీకు చెప్పలేదా?"

"జిప్పు ఏ వైపు?"

"ముందు ఆ తోక గట్టిగా పట్టుకో హార్లన్. మొహానికి కొడుతోంది."

జవాబు చెప్పలేదు. నాకు అతని జవాబు అక్కర్లేదు. ఇన్నేళ్ళుగా అతను మా ఆవుల్ని చూస్తున్నాడు. ఎప్పుడూ ఎడమచెయ్యే. ఎడమచేతివాటం వాడికి కుడి జిప్పని మీరే రాశారు.

మెక్‌రేకి మీరు కుడి జిప్పు కుడుతున్నారా, లేదా? ఒక్కమాటలో చెప్పండి.

హార్లన్ టోఫ్టీ

తా.క. ఒక ఆవు చూలుతో ఉంది. రెండోది లేదు. ఎందుకు లేదో డాక్టరుకి తెలియదట. ఆవు సంగతి తెలియదు గానీ అందరి భార్యలకూ బ్యాగులు ఎంచిపెడతాడు.


సలైడా
జూన్ 10

టోఫ్టీ గారికి,

ఎవరికి ఏ వైపు జిప్పు కుట్టానో ఇంకొకరికి చెప్పే అలవాటు నాకు లేదు. ఇది చిన్న వృత్తే. అయినా ఎవరు ఎవరి పక్కన పడుకుంటారో మా చేతికి తెలుస్తుంది. నోటికి తెలియకూడదు.

మీరు అన్నం మానేశారు కాబట్టి ఇంతవరకు చెప్తాను. కుడి జిప్పు బ్యాగు ఒకటి మీ ఊరికి వెళ్ళబోతోంది. ఎవరికో చెప్పనని మాటిచ్చాను. కానీ మీరు కంగారుపడాల్సిన పని లేదు. నాకు అరవై ఎనిమిదేళ్ళు, నా మాట నమ్మండి.

విల్మా ప్రూయిట్

తా.క. మా ఆయన ఆరిన్ బతికుండగా మేమూ బ్యాగులు కలుపుకునే పడుకునేవాళ్ళం. అతని పాదాలు కప్పల్లా చల్లగా ఉండేవి. ఈ జత కలపడం మీరనుకునేంత సుఖమేమీ కాదు.


బర్చ్ క్రీక్
జూన్ 18

ప్రూయిట్ గారూ,

"కంగారుపడాల్సిన పని లేదు" అని నాతో చివరిసారి అన్నవాడు మా కొట్టం తగలబడుతున్నప్పుడు అన్నాడు.

మీకు కొన్ని సంగతులు తెలియాలి. ఈ నెల మొదటి శుక్రవారం లవోన్ టేపుతో నా భుజాలు కొలిచింది. తల నుంచి మడమ దాకా కూడా కొలిచింది. "ఏమిటే ఇది?" అంటే, "చొక్కా కుడతాను, కదలకు" అంది. మడమ దాకా చొక్కా ఏమిటో నేనడగలేదు. ఇంతవరకు చొక్కా లేదు. పక్క పొలం ఎర్నీని పిలిచి, "ఆగస్టు రెండో వారంలో మా చేలకి నీళ్ళు పెడతావా?" అని అడిగింది. నేను ఇంట్లోనే ఉంటాను కదా, నీళ్ళు ఎర్నీ ఎందుకు పెట్టాలి? పైగా ఈ వారంలో మూడుసార్లు రూబార్బ్ కాడలు కూరి రొట్టెలా కాల్చే తియ్యటి పై చేసింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో వారానికి మూడు పైలు ఎప్పుడూ లేవు. ఏదో దాచేవాళ్ళే ఇంత తియ్యగా వండుతారు.

నేను చేతకానివాణ్ణి కాను. రోజూ సాయంత్రం పశువులు నాకే ఉప్పుదిమ్మ ఒకటి వీపున కట్టుకుని కొట్టం వెనక గుట్ట ఎక్కి దిగుతున్నాను. లవోన్ కిటికీలోంచి చూసింది. "ఆ ఉప్పు ఎక్కడికి తీసుకెళ్తున్నావు?" అంది. "ఆవులకి" అన్నాను. "ఆవులు కింద ఉన్నాయి" అంది.

ఇక అసలు విషయం. లవోన్ బ్యాగుకి జిప్పు కుడివైపుకి మార్చండి. అప్పుడు కుడీ కుడీ కలవవు. మారుస్తున్నట్టు తనకి తెలియకూడదు.

హార్లన్ టోఫ్టీ

తా.క. రూబార్బ్ పై బాగుంది. అదే నా బాధ.


సలైడా
జూన్ 26

టోఫ్టీ గారూ,

మార్చొద్దు. ఎందుకో చెప్పలేను. మీ మొండితనం మీద మర్యాదగా ఇంతకన్నా రాయలేను.

విల్మా ప్రూయిట్

తా.క. మీ ఇంట్లో ఎదురుగా ఒక మనిషి కూర్చుని పై వడ్డిస్తోంది. ఆవిణ్ణి అడగరాదూ?


బర్చ్ క్రీక్
జూలై 3

మార్చండి.

టోఫ్టీ

తా.క. గడ్డి కోత మొదలైంది. అడగడానికి తీరిక లేదు.


సలైడా
జూలై 14

టోఫ్టీ,

మార్చాను. మూడు బ్యాగులూ ఇవాళే పంపాను. ఈ పని చేస్తున్నంతసేపూ నాకు మీ మీద తిట్లే వచ్చాయి. తిట్టడానికి నోరు తెరిస్తే నూగు ఎగురుతుందని ఊరుకున్నాను.

వి. ప్రూయిట్

తా.క. నేను మూడు అని రాశాను. మీరు రెండే లెక్కపెడుతున్నారు.


బర్చ్ క్రీక్
ఆగస్టు 10

మిసెస్ ప్రూయిట్ గారికి,

నేను లవోన్ టోఫ్టీని. మీ ఉత్తరాలన్నీ ఇప్పుడు నా దగ్గరున్నాయి. హార్లన్ వాటిని గుర్రం జీను కింద దాచాడు.

ముందు నా సంగతి చెప్తాను. మా ఆయన సైన్యంలో రెండేళ్ళున్నాడు. నాకు రాసినవి రెండు కార్డులు. ఒకదాంట్లో వాన అని, ఇంకోదాంట్లో వాన తగ్గిందని. అలాంటి మనిషి మే నెల నుంచి కూర్చుని పేజీలు రాస్తుంటే నాకెలా ఉంటుంది? పోస్టు తెచ్చే గస్, "మీ ఆయనకి కొలరాడోలో ఎవరో ఉన్నట్టున్నారే" అని నవ్వాడు. జూన్‌లో ఒకరోజు చెత్తబుట్టలో మీ కవరు దొరికింది. దులిపితే తెల్లటి నూగు రాలింది. మీరు గుర్తుగా పెట్టి పంపారనుకున్నాను. ఆ సాయంత్రమే ఉప్పుదిమ్మ మోస్తూ గుట్ట ఎక్కుతున్నాడు. ఈ వయసులో మగవాడు ఒళ్ళు తగ్గించుకుంటున్నాడంటే ఎవరికోసం? ఇంట్లో కట్టిపడేద్దామని పైలు చేశాను. మీకు అరవై ఎనిమిదని నిన్న చదివాక కాస్త కుదుటపడ్డాను. పూర్తిగా కాదు.

నిన్న ఆదివారం చర్చి కింది హాల్లో అందరం సామాన్లు పరిచి చూసుకున్నాం. హార్లన్ పిలవకుండానే వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను ఇంట్లో పిండిడబ్బాలో దాచి, వెంట తెచ్చిన మూడో బ్యాగు తీసి అతని చేతిలో పెట్టాను. "ఇది నీది. ఎర్నీ నీళ్ళు పెడతాడు. నువ్వూ వస్తున్నావు" అన్నాను. అది కుడి జిప్పుది. అతని కొలతలతో మీకు నేనే రాసి కుట్టించింది.

అతను సంతోషిస్తాడనుకున్నాను. తెల్లబోయాడు.

నా బ్యాగు పక్కన అతనిది పరిచాను. జిప్పులు కలవలేదు. తిప్పి చూశాను. కలవలేదు. పాస్టరు గారి భార్య, "ఇలా ఇవ్వండి, నేను చూస్తాను" అంటూ దగ్గర్లో ఉన్నది లాగి నాదానికి కలిపింది. ఒక్క లాగులో, వెన్నలా కలిసిపోయింది. అది డాక్టరు బ్యాగు. ఎడమ జిప్పు.

హార్లన్ డాక్టరు వంక చూశాడు.

"నీది ఎడమచేతివాటం కాదా?"

"ఆవు లోపల మాత్రమే" అన్నాడు డాక్టరు. "కుడిచెయ్యి శుభ్రంగా ఉంచుకోవాలి కదయ్యా, మందు ఎక్కించాలన్నా, నీ బిల్లు రాయాలన్నా. పశువుల డాక్టర్లలో సగంమంది అంతే."

హార్లన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అప్పుడు మొత్తం చెప్పాడు, అందరి ముందూ. జిప్పు మార్పించింది తనేనని కూడా.

"అంటే నా పెళ్ళాం బ్యాగు వీడి బ్యాగుకి కలిసేలా నేనే కుట్టించానా?" అన్నాడు.

"ఖర్చు కూడా నీదే" అన్నాను.

పాస్టరు గారి భార్య లేచి కాఫీ చూడ్డానికి వెళ్ళింది. లోపల్నుంచి చాలాసేపు నవ్వు వినిపించింది.

ఇంటికొచ్చాక అడిగాను, "మార్చిలోనే వస్తానని ఉండొచ్చు కదా?" అని. అతను బూట్లు విప్పి తలుపు దగ్గర పెట్టాడు. తర్వాత, "నువ్వు మళ్ళీ అడుగుతావనుకున్నాను" అన్నాడు. మేం ఇద్దరం ఇలాగే ఉంటాం. అతను అడగడు. నేను రెండోసారి అడగను.

మళ్ళీ మార్పించడానికి వ్యవధి లేదు. అందుకని ఇలా తేల్చాం. హార్లన్ డాక్టరు బ్యాగులో పడుకుంటాడు, నాదానికి కలిపి. డాక్టరు హార్లన్ బ్యాగులో పడుకుంటాడు. అది అతనికి ఛాతీ దాకానే వస్తుంది. మిగతాది ఉన్ని కోటుతో కప్పుకుంటానన్నాడు. హార్లన్ దానికి అడ్డు చెప్పలేదు. నిజానికి నిన్నటి నుంచి అతను ఈల వేస్తున్నాడు.

బ్యాగులు బాగున్నాయి. కుట్టుపని గట్టిగా ఉంది.

ఇట్లు,
లవోన్ టోఫ్టీ

తా.క. ఇకమీదట మా ఆయనకి ఏదైనా రాయాలంటే నాకు రాయండి.

ఇంకో తా.క. దీన్ని కొండ మొదట్లో ఉన్న దుకాణంలో పోస్టు చేస్తున్నాను. మంగళవారం ఉదయం ఆరింటికి హార్లన్, నేను, డాక్టరు, చర్చివాళ్ళు నలుగురు బయలుదేరాం. గుర్రం ఇంటి దగ్గరే ఉంది.