వదినగారి రేవు

చెల్లీ,

ఒంట్లో బాగానే ఉంది, గుండె దడే తగ్గడం లేదు. మొన్న ఆదివారం అమ్మాయి ఇంట్లో అందరం అట్ట మీద రాజ్యాల ఆట ఆడాం. ఒకరి సరిహద్దులోకి ఒకరం రాకూడదని నేనూ అమ్మాయి అత్తగారూ వంటింట్లో చేతిలో చెయ్యేసుకున్నాం. ఆ మాట నమ్మి ఆవిడ తన పడవలన్నీ అల్లుడి మీదికి పంపేసింది. ఆవిడ రేవు ఖాళీగా కనపడింది చెల్లీ, అదొక్కటీ దొరికితే ఆట నాదే. నాకేం పూనిందో, "ఏమీ అనుకోకండి వదినగారూ" అంటూనే లాగేసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఓ ఆట గెలిచాను.

ఆవిడ టీ కూడా తాగకుండా గదిలోకి వెళ్ళిపోయింది. ఆ కోపం అమ్మాయి మీద చూపిస్తుందేమోనని మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు.

నిన్న ఆవిడే ఫోను చేసింది. "ఈసారీ మనిద్దరం ఒకటే కదా వదినా" అంది మెత్తగా. అమ్మాయి ఎలా ఉందని భయపడుతూ అడిగాను. "దానికేం, రోజూ నా పక్కన కూర్చుని ఎత్తులు నేర్పుతోంది" అంది.

విన్నావా, కన్నకూతురే అటు చేరిపోయింది. ఈ ఆదివారం నువ్వు రావాలి. మనం కూడబలుక్కున్నట్టు తెలియకుండా కాస్త ఎడమొహంగా కూర్చో. ఈ ఉత్తరం చించెయ్.

నిజం చెప్పు, ఆవిడ నీకూ ఫోను చేసిందా?

మీ అక్క