శుభలేఖ అడుగున షాపు పేరు

విజయవాడ, 2006

సిద్ధార్థా,

నీ పెళ్లి శుభలేఖల కట్టలోనే ఈ ఉత్తరం పెడుతున్నాను. దీవెనలు పీటల మీద, ఇప్పుడు మాత్రం తిట్లే.

మన కంప్యూటర్ నుంచి గిరాకీల డిస్కులకి వైరస్ అంటుకుంటోందని, మన డీటీపీ షాపుని బజార్లో అందరూ వైరస్ షాపంటున్నారని పాత కంప్యూటర్ ఎక్స్ఛేంజిలో ఇచ్చేసి కొత్తది కొనిపించావు. విండోస్ వద్దు వదినా, లినక్స్ వేద్దాం, దానికి వైరస్ రాదన్నావు. నిజమే, రాలేదు. తెలుగు కూడా రాలేదు! మన తెలుగు సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప తెరుచుకోదు. పోనీ మళ్లీ విండోసే వేయిద్దామంటే, ఆ తెలుగు సాఫ్ట్‌వేర్ తెరుచుకోవాలంటే దాంతో ఇచ్చిన లాక్ ముక్కని వెనక గుచ్చాలి, అది గుచ్చే ప్రింటర్ పోర్టు నీ కొత్త డబ్బాకి లేనే లేదు. దొంగలొస్తారని గుమ్మానికే గోడ కట్టేశావు కదయ్యా!

ముహూర్తం దగ్గరకొచ్చేసింది. స్క్రీన్ మీద పెళ్లికూతురి పేరు గళ్లుగళ్లుగా వస్తోంది. చేసేది లేక ఎదురు షాపు రత్తయ్య గారి దగ్గర కార్డులు కొట్టించాను. ఆయన కంప్యూటర్ నిండా వైరస్సే, అయినా ఒక్క అక్షరం తప్పు రాలేదు. "సొంత మరిది పెళ్లికి మా దగ్గరికొచ్చారేంటండీ?" అన్నారు.

మొదటి కార్డుకి పసుపు రాసి కొండ మీద అమ్మవారి దగ్గర పెట్టొచ్చాను. కార్డు అడుగున చిన్నక్షరాల్లో రత్తయ్య గారి షాపు పేరుంది. మన చుట్టాలు ముహూర్తం కన్నా ముందు అదే చూస్తారు. నిన్నటిదాకా మనల్ని వైరస్ షాపనైనా పిలిచేవాళ్లు.

మీ వదిన