గోడ కింద ఊట

మే 9, గురువారం

గౌరవనీయులైన బావగారికి,

మీ బావమరిది నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ మోకాలి నొప్పి నెమ్మదించిందని అక్క ఫోన్లో చెప్పింది, సంతోషం. పన్నెండేళ్లుగా మీ క్షేమం నాకు అక్క నోటే తెలుస్తోంది. కవరు మీద నా చేతిరాత చూడగానే పక్కన పడేయకండి. ఇందులో రిజర్వాయరు కబురుంది. దాని మాటెత్తితే తిండి కూడా మరిచిపోయే మనిషి మీరు.

ఈ కొండ మీద దొరలు కట్టిన ఆ గోడకు నూట ఇరవై ఏళ్లు నిండాయి. పూడిక తీయడానికి మొదటిసారిగా నీళ్లన్నీ వదిలేశాం. నిజం చెప్పాలంటే నా కన్ను పూడిక మీద లేదు, గోడ కింద రాతి తొట్ల మీదే ఉంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ తొమ్మిది తొట్లలోకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయన్న దగ్గరే కదా మనకు చెడింది! దొర గీసిన పటంలో ‘ఊట’ అని ఉంది. ఓవర్సీరుగా మీరూ తనిఖీ రిపోర్టులో అదే రాశారు. నేను ఆఫీసు వాళ్లందరిలో పెద్ద ఇంజనీరు ముందు నిలబడి, అది గోడ కారడమేనని, మా బావగారు చూడకుండానే సంతకం పెట్టారని అనేశాను. మీరు నెల తిరక్కుండా బదిలీ అడిగి వెళ్లిపోయారు.

ఈసారి తనిఖీ నాది. కారుతోందని రాస్తే సిమెంటు పట్టించి మూసేస్తారు, తొట్లు ఎండిపోతాయి. ఊట అని రాస్తే అప్పటి నా మాట నేనే మింగాలి. ముందు అసలు సంగతి తేల్చుకుందామని రోజూ గోడ వెంట తిరిగాను.

సోమవారం ఉదయానికి గోడ మొదట్లో మోకాటి లోతు మడుగు ఒక్కటే మిగిలింది. అందులో ఒక ఎండుటాకు ఉన్నచోటే గిర్రున తిరుగుతోంది. అక్కడ చెయ్యి పెడితే లోపలికి లాగింది! బావుల్లో వేసే పర్మాంగనేటు గుప్పెడు చల్లి, నూటపది మెట్లూ ఒక్క ఊపున దిగాను. ఈ వయసులో నా పరుగు మీరు చూసి తీరాల్సింది. ఆయాసం తీరేలోగా తొట్లలో నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి, వాటితో పాటు ఆసుపత్రి దుప్పట్లూ తిరిగాయి. అక్కడ ఉతుకుతున్న పెద్దావిడ నన్ను తిట్టిన తిట్లు ఉత్తరంలో రాసేవి కావు.

కాసేపటికి ఆవిడే నవ్వి, ఇంజనీరువై ఉండి ఇది కనుక్కోవడానికి ఇన్నేళ్లు పట్టిందా అని అడిగింది. గోడ కట్టిన మేస్త్రీ ఆవిడ ముత్తాతట. వాగుకు అడ్డంగా గోడ లేస్తే కింద బట్టలుతికేవాళ్లకు చుక్క నీరుండదని ఎంత మొత్తుకున్నా, పటంలో లేని పని చెయ్యనిచ్చేది లేదన్నాడట దొర. ఆ దొర జ్వరంతో మూడు రోజులు మంచం పట్టినప్పుడు, మేస్త్రీ రాళ్ల మధ్య బెత్తెడు మట్టిగొట్టం పెట్టి పైన గోడ కట్టేశాడట. తర్వాత కింద తడి చూసిన దొర, తన గోడ కారుతోందని ఒప్పుకోలేక, పటంలో తన చేత్తోనే ఊట అని రాసుకున్నాడట.

అంటే కారడమూ కాదు, ఊటా కాదు. మీరూ తప్పే, నేనూ తప్పే అని లోపల్లోపల సంబరపడ్డాను.

అంతలో ఆవిడ, ఈ సంగతి మీ బావగారికి తెలుసు కదా అంది. మన గొడవకు ముందు, కరువు ఏడాది నీళ్లు బాగా దిగినప్పుడు, మీరు పీకల్లోతు నీళ్లలో మునిగి, పూడుకుపోయిన గొట్టం మూతి శుభ్రం చేసి కొత్త జల్లెడ బిగించారట. ఎవరికీ చెప్పొద్దని, ముఖ్యంగా మా బావమరిదికి చెప్పొద్దని, వాడికి అబద్ధం చేతకాదని అన్నారట.

మళ్లీ పైకెక్కి మడుగులో తడిమి చూశాను. స్టీలు జల్లెడ, రాగితీగతో బిగించి ఉంది. ఒక్క మాటతో నా నోరు మూయించగలిగి కూడా అంతమంది ముందు మాట పడ్డారు. తలుచుకుంటే సిగ్గుగా ఉంది బావగారూ. నన్ను క్షమించండి.

గొట్టం చుట్టూ చెమ్మ లేదు, గోడ గట్టిగానే ఉంది. కానీ పటంలో లేని కన్నం ఏదైనా మూసేయాల్సిందేనని మా రూలు. రిపోర్టు రేపటిలోగా పంపాలి. ఏం రాయమంటారు? ఈ ఉత్తరం అందగానే, అక్కతో కాదు, మీరే ఒక్కసారి ఫోన్ చెయ్యండి.

మీ గొంతు వినాలని ఉన్న
మీ బావమరిది

తా.క.: ఏం రాయమంటారని పైన అడిగానే, అది అబద్ధం. ఈ ఉత్తరం మీకు చేరేసరికే గడువు దాటిపోతుందని నాకు తెలియదా! రిపోర్టు పొద్దున్నే పంపేశాను. స్వయంగా పరిశీలించానని, అది ఊటేనని రాసి సంతకం పెట్టాను. రుజువు అడుగుతారని మీ పాత రిపోర్టే జతచేశాను.