దయ్యం పలకని పేరు

ఇరవై ఏడేళ్ల కిందట సైమన్ హాలక్ నా చేతిలో చెయ్యి వేసి, "ఒరేయ్ ఆంబ్రోజ్, నీ దయ్యం పైకి లేచి ఆ పేరు చెప్పకుండా నా నాటకం ముగియదు" అన్నాడు. నాటకం ముగిసింది. దయ్యం లేవలేదు. ఆ పేరు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

అందుచేత, లండన్ నగరపు ఉత్తర గోడ అవతల షోర్డిచ్‌లో కాపురముంటున్నవాణ్ణి, ముప్పై ఏళ్లు విషాద నాటకాల్లో దయ్యం వేషం కట్టినవాణ్ణి, ఆంబ్రోజ్ ఫెన్నర్ అనే నేను, డెబ్బై రెండో ఏట, కాళ్లు లేవకపోయినా మతి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఇదివరకు రాసిన వీలునామాలన్నీ రద్దు చేసి ఇది రాస్తున్నాను. నాకు మతి స్థిరంగా లేదని రుజువు చేయదలచినవారు ఎవరైనా ఉంటే ముందు నాతో కాసేపు లాటిన్‌లో వాదించి, ఆ తర్వాత కోర్టుకు పోవచ్చు.

ఒకటి. నా ఆత్మను సృష్టించినవాడికే అప్పగిస్తున్నాను. దేహాన్ని ఎక్కడ పాతినా నాకు ఒకటే. మా అన్న జెరోమ్ పక్కన పాతమని అడిగేవాణ్ణి గాని, తెగులు ఏడాదిలో అతన్ని ఏ గుంటలో పడేశారో చెప్పగలిగినవాడు ఈ పేటలో లేడు. ఒక్క షరతు: నా మొహానికి పిండి గాని సుద్ద గాని పూయకూడదు. బతికుండగా చాలినంత పూసుకున్నాను.

రెండు. నేనుంటున్న ఈ ఇల్లు, దాని కౌలులో మిగిలిన నలభై ఒక్క ఏళ్ల హక్కు, కింద వీధివైపు గదితో సహా, మా అన్న కూతురు టమసిన్‌కు చెందుతుంది. ఆమె చేతితొడుగులు కుట్టే అంగడిని ఆ గదిలోకి మార్చుకోవాలి. నేను చచ్చిన వారం రోజుల్లోపు మార్చుకోవాలి. ఇప్పుడు ఆమె అంగడి ఎవరి స్థలంలో ఉందో ఆమెకు తెలుసు, నాకు తెలుసు, ఆ మనిషికీ తెలుసు. నేను ఎప్పుడు నోరు తెరవబోయినా ఆమె నా చెయ్యి పట్టుకుని, "వదిలెయ్ బాబాయ్. ఆయన నన్ను వెళ్లగొడితే నలుగురు పిల్లలతో ఎక్కడికి పోను? నాన్న ఎలాగూ తిరిగి రాడు" అనేది. ఆమె భయం న్యాయమైనది. అందుకే ఇన్నేళ్లు నోరు మూసుకున్నాను. పిరికివాడినని నన్ను ఎగతాళి చేసినవాళ్లు ఈ క్లాజు రెండుసార్లు చదవాలి. ఈ కౌలు నా పేర రాసి చేతికి వచ్చింది మొన్న పండుగకు. ఇకమీదట ఆమె నెత్తిమీద కప్పు ఎవరి దయా కాదు.

ఈ వీలునామా నడిపించే బాధ్యత కూడా టమసిన్‌దే. తల్లీ, ఈసారి నా చెయ్యి పట్టుకుని ఆపలేవు.

మూడు. అన్న వాడిన ఎముక పుల్ల, కాగితం మడతను నొక్కి నునుపు చేసేది, టమసిన్‌కే. దాని అంచు అరిగి అతని బొటనవేలి ఆకారానికి వచ్చింది. నేను దాన్ని వాడలేదు. అప్పుడప్పుడు పట్టుకుని కూర్చునేవాణ్ణి, అంతే.

నాలుగు. జరిగింది ఇక్కడ రాయాలి, ఎందుకంటే దీన్ని రాయించుకోవలసిన న్యాయాధికారి రాయించుకోలేదు. జెరోమ్ పుస్తకాలు కుట్టేవాడు. పక్కింటివాడు, నేను పైన చెప్పిన ఆ మనిషే, మా పేట చర్చి పెద్దల్లో ఒకడు. జెరోమ్ చూరు నీళ్లు తన పెరట్లో పడుతున్నాయని వాడికి మూడేళ్ల తగాదా. తెగులు వచ్చిన ఏడాది, పుచ్చిన పన్ను వల్ల జెరోమ్ దవడ కింద వాచింది. ఆ పెద్దమనిషి, జబ్బు పేరు తేల్చే ముసలమ్మను వెంటబెట్టుకుని వచ్చి తెగులే అనిపించాడు. తలుపుకు బయట తాళం వేసి, ఎర్ర సిలువ గీసి, నలభై రెండు రోజులు ఎవరూ లోపలికీ బయటికీ రాకూడదన్నారు. రొట్టె కిటికీలోంచి అందించవలసిన కాపలావాడు ఆ పెద్దమనిషి నౌకరు. మూడో వారం నుంచి అందించడం మానేశాడు.

నాటకశాలలు మూతబడి నేను అప్పుడు మా బృందంతో పై ఊళ్లు తిరుగుతున్నాను. నా భార్య ఆలిస్ రోజూ రొట్టె పట్టుకుని వెళితే కాపలావాడు, "అయ్యగారి ఉత్తరువు, తల్లీ. ఇచ్చేది మేమే ఇస్తాం, నువ్వు పో" అని తరిమేవాడు. తాళం పడిన రోజు మా ఇంట ఉండి బయట మిగిలిపోయిన, తల్లి లేని తొమ్మిదేళ్ల టమసిన్ వీధికి ఇవతల నిలబడేది. తండ్రి కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. ఒకనాటి నుంచి ఊపలేదు.

తాళం తీసిన రోజు శవం ఒంటిమీద తెగులు మచ్చ ఒక్కటీ లేదు. పుస్తకాలకు అంటించే పిండిజిగురు గిన్నె నాకి ఉంది. అట్టల లోపల ఎండిన జిగురు కూడా గీరి తిన్నాడు. నేను తిరిగి వచ్చి న్యాయాధికారి దగ్గరికి వెళితే, "ఈ ఏడు ముప్పైవేల మంది పోయారయ్యా. నీ అన్న ఒక్కడు ఆకలితో పోయాడంటే ఎవడు నమ్ముతాడు? సాక్షి ఎవరు?" అన్నాడు. సాక్షి చచ్చిపోయాడని చెప్పాను. నవ్వాడు.

ఐదు. నా పుస్తకాలు ముప్పై నాలుగు. రోమనుల విషాద నాటకాల లాటిన్ ప్రతి, మార్జిన్లలో నా రాతతో సహా, మా పేట గ్రామర్ స్కూలుకు. రాతను చెరిపివేయకూడదు. మిగిలిన పుస్తకాలు టమసిన్‌కు. ఆ రోమను నాటకాల్లో దయ్యం మొదటే లేచి, నరకపు సంగతులు నాలుగు అరిచి, పోతుంది. మనవాళ్లు దాన్ని కథ నడిమికి తెచ్చారు, కొడుకు కళ్ల ముందు నిలబెట్టారు. అది మంచి పని. తర్వాత పందిపిల్లలా కీచుమని "పగ! పగ!" అని అరిచే దయ్యాలు వచ్చి జనం నవ్వడం మొదలుపెట్టారు. ఇప్పటి కుర్ర రచయితలు దయ్యం కేవలం మతిభ్రమ అంటున్నారు. ఈ కుర్రవాళ్లకు నేను ఏమీ ఇవ్వడం లేదు, ఈ మాట తప్ప: దయ్యం జనాన్ని భయపెట్టడానికి రాదు. న్యాయస్థానం తలుపు మూసుకున్నాక లోకానికి ఇంకొక సాక్షి కావాలి, అందుకు వస్తుంది. అది లంచం తీసుకోదు, బెదిరింపుకు లొంగదు, ఇంకొకరి స్థలంలో అంగడి పెట్టుకోదు.

ఆరు. మా చర్చి గురువుకు నా కళ్లద్దాలు. చచ్చినవారు తిరిగి రారనీ, వచ్చినట్టు కనబడేది సైతాను మాయ అనీ ఆయన నా వైపు చూస్తూ ఎన్నో ఆదివారాలు బోధించాడు. ఆయన మాటే నిజమనుకుందాం. అప్పుడు మా అన్న తరఫున నిజం పలకడానికి సైతానైనా సిద్ధపడ్డాడని ఒప్పుకోవాలి. చర్చి సిద్ధపడలేదు.

ఏడు. దయ్యపు తోలుకోటు, పిండి జల్లెడ, నా పాత్ర మాటలు రాసిన కాగితపు చుట్ట మా పాత బృందానికి. సైమన్ రాసిన ఆ విషాద నాటకాన్ని దయ్యంతో సహా ఆడేట్టయితేనే ఇవ్వాలి, లేకపోతే చుట్టను టమసిన్ కాల్చేయాలి. ఆ చుట్ట కథ చెబుతాను.

మా నాటకశాలల్లో ఏ నటుడికీ నాటకం మొత్తం ఇవ్వరు. ఎవరి మాటలు వారికి ఒక చుట్టగా రాసిస్తారు. ఎదుటివాడి మాటల్లోంచి చివరి మూడు నాలుగు ముక్కలు మాత్రం అందులో ఉంటాయి. అవే ఆనవాలు మాటలు. అవి వినబడితే నీ వంతు, వినబడకపోతే ఉన్నచోటే ఉండాలి. నా చుట్టలో ఆనవాలు మాట: "తండ్రిని చంపిందెవరు?" కొడుకు ఆ మాట అనగానే నేను వేదిక కింది చీకటిలోంచి, మేము నరకం అని పిలుచుకునే చోటు నుంచి, నేలతలుపు తెరుచుకుని లేవాలి. మొహాన మామూలు పిండి కాక పిండిజిగురు పూసుకున్నాను. ఎందుకో సైమన్‌కు తెలుసు. లేచి, పెద్దమనుషుల బాల్కనీ వైపు తిరిగి, పేరు చెప్పాలి. ఆ మధ్యాహ్నం ఆ మనిషి ఆ బాల్కనీలోనే కూర్చున్నాడు. సైమనే పిలిచాడు.

నేను కింద నిలబడ్డాను. పైన అంకాలు గడుస్తున్నాయి. ఆనవాలు మాట రాలేదు. కొడుకు వేషగాడు, "తండ్రీ, నువ్వు నా వెర్రి బుద్ధి కల్పనవే" అన్నాడు. అది ఎన్నడూ వినని మాట. ఆలస్యమైందేమో, ముందుముందు వస్తుందేమో అనుకుని నిలబడే ఉన్నాను. కత్తులు మోగాయి, శవాలు పడ్డాయి, చప్పట్లు మోగాయి. నా నెత్తిమీద చెక్కలు అదిరాయి. మొహాన పిండి ఎండి పగిలింది.

నేలతలుపు గడియ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. తీసి పైకి రావచ్చు. ఎందుకు రాలేదని నా భార్య చచ్చేదాకా అడిగింది. ఆనవాలు మాట లేకుండా వేదిక మీదికి రాకూడదన్నది పదిహేనో ఏట నుంచీ నా ఎముకల్లో పట్టిన అలవాటు. నటుడు కానివాడికి అది వెర్రిలా తోస్తుంది. నటుడు మాత్రం నన్ను తప్పు పట్టడు.

ఎనిమిది. సైమన్ హాలక్‌కు, ఇంకా బతికే ఉన్నాడని విన్నాను, వేదిక కింద నేను కూర్చునే మూడుకాళ్ల పీట. నాటకాలకు అనుమతి ఇచ్చే అధికారి దయ్యం పాత్ర కొట్టేశాడని ఆ సాయంత్రం ఏడుస్తూ చెప్పాడు. "నా చేతుల్లో ఏముందిరా? నీకు ముందే చెబితే గోల చేస్తావని చెప్పలేదు" అన్నాడు. నేను నమ్మాను. నాలుగేళ్ల తర్వాత నాటకశాలలో పుస్తకం పట్టుకుని మాటలందించేవాడు మూల ప్రతి చూపించాడు. అధికారి సంతకం నల్ల సిరాతో ఉంది, దయ్యం మాటలతో సహా అన్నింటికీ అనుమతి ఉంది. కొట్టివేతలు గోధుమరంగు సిరావి. ఆ సిరా కలుపుకునేది మా వీధిలో సైమన్ ఒక్కడే. కొడుకు చుట్ట మార్చి రాయించి, నా చుట్టను మాత్రం అలాగే వదిలేశాడు. భయపడి చేశాడో, డబ్బు పుచ్చుకుని చేశాడో నేటికీ నాకు తెలియదు. సైమన్, పీట మీద కూర్చో. కింద ఎంత చీకటిగా ఉంటుందో తెలుస్తుంది. నీ మీద నాకున్నది కోపం. కోపం వేరు, నింద వేరు. నువ్వు నా నోరు మూశావు, మా అన్న నోరు మూసింది నువ్వు కాదు.

తొమ్మిది. మా పేట చర్చి పెద్దలుగా పని చేసి ఇంకా బతికి ఉన్న ఆరుగురికీ తలా ఒక జత నల్ల మేకతోలు చేతితొడుగులు, అంత్యక్రియల్లో మన ఆచారం ప్రకారం. అవి ముందే కుట్టించి పెట్టెలో ఉంచాను. ప్రతి ఒక్కరూ స్వయంగా వచ్చి, ఈ వీలునామా ఆసాంతం చదివి వినిపించేదాకా కూర్చుని, తొడుక్కుని వెళ్లాలి. రాకపోతే ఎందుకు రాలేదో పేట అడుగుతుంది. ఇది వీలునామాలు ఖాయం చేసే చర్చి కోర్టు దస్తరంలో మాట మాటకూ ఎక్కుతుంది. గోధుమరంగు సిరా అక్కడికి చేరదు.

పది. చివరి పంక్తిని సాక్షుల పేర్ల కింద నా చేత్తో రాశాను. టమసిన్ లేచి నిలబడి, గొంతు తగ్గించకుండా, ఆరు జతల తొడుగుల వైపు చూస్తూ చదవాలి. ఇరవై ఏడేళ్లు ఆనవాలు మాట కోసం నిలబడ్డాను. ఇక నా చావే ఆనవాలు మాట. గడియ నేనే తీస్తున్నాను.

1631 నవంబరు 9, షోర్డిచ్‌లో నా ఇంట, నా చేవ్రాలు:
ఆంబ్రోజ్ ఫెన్నర్

సాక్షులు, కింది పంక్తి కూడా మా ఎదుటే రాశారని ధ్రువీకరిస్తూ:
నికొలస్ వార్డెల్, మంగలి వైద్యుడు
ఎడిత్ క్రౌచ్, పక్కింటి రొట్టెల అంగడి
రోలండ్ టిబ్, దస్తావేజుల లేఖరి

నేను పుస్తకాలు కుట్టే జెరోమ్ ఫెన్నర్‌ను. నాకు తెగులు లేదు. నా తలుపుకు తాళం వేయించి, నా రొట్టె ఆపించి నన్ను చంపినవాడు హ్యూ పార్జెటర్.