నరం దొరికిన రోజు

మంగళవారం, రాత్రి

నర్సింగ్ మానేసి ఇంటికి వెళ్లిపోదామనే పొద్దున అనుకున్నాను. నిన్న ఇద్దరికి రక్తం తీయబోతే ఒక్కరికీ నరం దొరకలేదు. ఈ రోజూ తప్పితే ఇక సూది ముట్టనివ్వనని సిస్టర్ చెప్పింది.

వార్డులో నాకు వచ్చింది రిటైరైన గని కార్మికుడు. ముంజేతి మీద నీలిగీత స్పష్టంగా కనిపించింది. ధైర్యంగా సూది ఎత్తాను.

"ఆగు బిడ్డా, అది నరం గాదు, బొగ్గు. గనిల దెబ్బ తాకినప్పుడు లోపల్నే ఉండిపోయింది. ఏ ఊరు నీది?"

"ఇక్కడిదాన్నే తాతా. మా బాపు గూడ గనిలనే."

"మరి గింత ఎరుక లేదా?" అని నవ్వాడు.

ఎరుకే. బాపు నుదుటి మీదా అలాంటి గీతే ఉంది. చిన్నప్పుడు తడిమితే గట్టిగా తగిలేది. ఈసారి కళ్లతో కాక వేలితో వెతికాను. ఏమీ కనబడని చోట నరం మెత్తగా తగిలింది. అక్కడే గుచ్చాను. రక్తం వచ్చింది.

"జల్దినే అయిపాయె," అన్నాడు తాత. సిస్టర్ ఇంకో సూది నా చేతికిచ్చింది.

రేపు రక్తం తీసే వంతు నా రూమ్మేట్ షబానాది. సాయంత్రం నుంచి ఏడుస్తోంది. ఎడమచేయి తనకిచ్చి, కుడిచేత్తో ఇది రాస్తున్నాను. కళ్లు మూసుకుని వేలితో తడుముతోంది.

"ఇదేనా?"

"ఇంకొంచెం పక్కకు..."