ఇర్లి అన్న మాట

మంగళవారం

ఈరోజు మందుల కౌంటర్ దగ్గర చోరనూరు లక్ష్మక్క మీద గట్టిగానే అరిచాను. కాలి పుండు మళ్ళీ చీము పట్టి వచ్చింది. పోయిన వారం నేనే ఏడు రోజుల యాంటీబయాటిక్ ఇచ్చి, అయిపోయాక ఖాళీ షీటు తెచ్చి చూపించమన్నాను. అందరికీ అదే చెబుతాను. ఆమె తెచ్చిన షీటులో సగానికి పైగా మాత్రలు అలాగే ఉన్నాయి.

"నొప్పి తగ్గిపాయ కదా మేడమ్. మా ఇంటాయప్ప లారీ తోల్తాడు. యాడన్నా దెబ్బ తగిల్తే పనికొస్తాయి, ఇర్లి అని ఎత్తిపెట్టినా."

"ఆయప్పకి దెబ్బ తగిల్తే ఈడికి పిల్చుకొని రా అక్కా. నీ మందు నువ్వే మింగల్ల. ఇట్ల చేస్తే రేపు ఈ మందే పనిచేయకుండా పోతాది" అన్నాను. తల ఊపింది. డాక్టరు మళ్ళీ రాసిన మందు తీసుకొని కుంటుకుంటూ వెళ్ళింది. ఈసారైనా పూర్తిగా మింగుతుందో లేదో.

ఇర్లి. ఉండనీ అనడానికి అమ్మదీ అదే మాట. తన మాత్రలు సగం మింగి, మిగతావి పౌడరు డబ్బాలో వేసి, "ఇర్లి పాపా, నీకు పనికొస్తాయి" అని నా సంచిలో పెట్టేది. రోజంతా మందుల మధ్యే ఉండే నాకు! ఎంత కోప్పడేదాన్నో. ఇప్పుడు నా కోసం అలా దాచేవాళ్ళు ఎవరున్నారు?

అమ్మ పోయి రెండేళ్లు. చివరిగా ఇచ్చిన డబ్బా నా బీరువాలోనే ఉంది. మాత్రల గడువు ఎప్పుడో దాటిపోయింది. రేపు ఆసుపత్రికి తీసుకెళ్ళి పారేసేవాటిలో వేద్దామని ఇందాక చేతిలోకి తీసుకున్నాను.

ఇర్లి అని మళ్ళీ అక్కడే పెట్టాను.